క్యాంపుకు వచ్చిన ఫోను

ఊళ్ళో ఏ పార్టీ గెలిచినా ఆ సంగతి ముందు సుందరరాజు బూర చెప్పాల్సిందే. వయసులో ఉన్నప్పటి నుంచి బ్యాండు సెట్టులో ట్రంపెట్ ఊదినవాడు. కాగితం మీద ట్రంపెట్టే గానీ వీధిలో అందరికీ అది బూరే. ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, కింద మాత్రం సొంత లుంగీ. పొద్దున ఒక జెండా ముందు, సాయంత్రం ఆ జెండాను ఓడించిన జెండా ముందు నడిచి ఊదినవాడు. "ఏం రాజన్నా, ఇంతకీ నువ్వు ఏ పార్టీ?" అని ఎవరైనా దెప్పితే, "గెలిచిన పార్టీ అప్పా. ఓడినోళ్ళు మేళం పెట్టరు గదా" అనేవాడు. ఆ మాటకు కోపం తెచ్చుకున్నవాళ్ళు లేరు. అన్ని పార్టీల్లోనూ ఆ బాపతు మనుషులే ఎక్కువ కాబట్టి కోపం రావడానికి కారణం కూడా లేదు.

ఊరేగింపు ఎప్పుడూ కార్పొరేషన్ ఆఫీసు గేటు దగ్గరే మొదలవుతుంది. మేళం గేటు బయటే ఆగాలి. దండలు లోపలికి పోతాయి, దండలు మోసేవాళ్ళు పోతారు, వాళ్ళ వెనక ఏ పనీ లేనివాళ్ళు కూడా పోతారు. మేళంవాళ్ళు మాత్రం ఎండలో నిలబడి, గెలిచిన మనిషి బయటికి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండి, రాగానే ఊదాలి. సుందరరాజు ఎంతమంది ఛైర్మన్లకు, మేయర్లకు అలా ఊదాడో అతనికే గుర్తు లేదు. ఆ గేటు దాటి లోపల ఏముందో ఒక్కసారీ చూడలేదు.

అమల అతని ఒక్కగానొక్క కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది. పెళ్ళి మేళానికి పోతే సైకిలు ముందు కడ్డీ మీద కూతుర్ని కూర్చోబెట్టుకుని పోయేవాడు. బూర ఆమె ఒళ్ళో ఉండేది. చివరి పంక్తిలో మేళంవాళ్ళతో పాటే ఆ పిల్లకూ ఆకు వేసేవాళ్ళు. పెద్దదైంది, పెళ్ళయింది. మొగుడు బనియన్ల కంపెనీలో పని అని తిరుప్పూరు పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అమల ఏడుస్తూ కూర్చోలేదు. మూటాముల్లే సర్దుకుని తండ్రి ఇంటికి వచ్చేసింది. మామిడి సీజనులో బంగారుపాళ్యం దగ్గర పల్పు ఫ్యాక్టరీ బస్సు ఎక్కేది, కాయ కోసేది, సొన అంటి వేళ్ళన్నీ నల్లబడేవి. మిగతా రోజుల్లో మహిళా సంఘానికి లీడరు. ఎవరికి పింఛను రాకపోయినా, ఎవరి వీధికి నీళ్ళు రాకపోయినా ముందు ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఆమె గురించి వీధిలో అందరూ చెప్పే సంగతి ఒకటుంది. అమల నవ్విందంటే వీధి చివర అంగడి దాకా వినపడుతుంది. నోరు మూసుకుని నవ్వడం ఆమెకు చేతకాదు. "నా బూర దీని గొంతులో దూరింది" అని సుందరరాజు మురిసిపోయేవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఆమె ఏ సందులో నవ్వుతోందో విని, ఇంకెంతసేపట్లో ఇంటికి చేరుతుందో లెక్క కట్టేవాడు.

మొన్నటి ఎన్నికల్లో ఆ వార్డు ఆడవాళ్ళకు రిజర్వు అయింది. వార్డులో పార్టీ పెద్ద ధర్మేంద్ర. ఇన్నాళ్ళూ ఆ సీటు తనదే అనుకుని ఉన్నవాడు. భార్యను నిలబెడదామంటే ఆమె గవర్నమెంటు టీచరు. అందుకని అమల దగ్గరికి వచ్చాడు. ఆమె మంచితనం చూసి వచ్చాడని తర్వాత మైకులో చెప్పాడు గానీ, జనానికి తెలిసిన మొహం, తన మాట కాదనని మనిషి, రెండూ ఒకే చోట దొరికాయని వచ్చాడు. అమల నవ్వేసి "నేనేందన్నా, కార్పొరేటరేంది" అంది. సుందరరాజు మాత్రం నవ్వలేదు. "నిలబడు పాపా" అన్నాడు. "ఆ గేటు లోపల ఏముందో నువ్వన్నా చూసి నాకు చెప్పు."

అమల గెలిచింది.

కానీ మేయర్ని ఎన్నుకునేది జనం కాదు, గెలిచిన కార్పొరేటర్లు. హాల్లో కూర్చుని చేతులెత్తాలి. రెండు పక్కలా బలం దాదాపు సమానంగా వచ్చింది. ధర్మేంద్ర పార్టీ ప్రసన్నకుమారిని మేయర్ని చేయాలనుకుంది. ఒక్క చెయ్యి అటు పోయినా ఆమె మేయరు కాదు. అలాంటప్పుడు మన పార్టీలు చేసే పని అందరికీ తెలిసిందే. జనం నమ్మి ఓట్లేసిన మనుషుల్ని తాము నమ్మలేక, బస్సెక్కించి క్యాంపుకు తీసుకుపోతాయి. ఫలితాలు వచ్చిన మర్నాడే ఏలగిరి కొండ మీది రిసార్టుకు బస్సు సిద్ధమైంది.

సుందరరాజుకు అప్పటికే ఆయాసం. బూర ఊదకూడదని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. అమల బట్టలు సర్దుకుంటుంటే ఆయన గడప దగ్గర కూర్చుని చింతపండు పెట్టి బూర తోముతున్నాడు.

"దాన్ని ఇప్పుడెందుకు తీసినావు నాయనా?"

"నువ్వు చెయ్యెత్తి బయటికి వస్తావు గదా. గేటుకాడ నేను ఊదాల. ఊరందరికీ ఊదినా, నా బిడ్డకి ఊదొద్దా?"

"డాక్టరు ఏం చెప్పినాడు?"

"ఒకే ఒక్క ఊదుడు. దానికేం పోతుంది."

"ఊదొద్దు. చేతిలో పట్టుకోని నిలబడు, చాలు. నాకు కనపడితే చాలు."

పక్కింటి గ్రేసీని నాయనను చూసుకోమని, మందులు ఎక్కడున్నాయో చూపించి, అమల బస్సెక్కింది. కిటికీలోంచి చూస్తే ఆయన బూర పైకెత్తి చూపించాడు. తోమిన ఇత్తడి ఎండకు మెరిసింది.

క్యాంపులో మొదటిరోజే ఫోన్లన్నీ తీసుకున్నారు. ధర్మేంద్ర అందరినీ కూర్చోబెట్టి హెచ్చరించాడు. "ఇది బాగా ఇనండి. వాళ్ళు ఊరికే ఉండరు. మీ ఇల్లు కాలిపోయిందంటారు, మీ అమ్మ సచ్చిపోయిందంటారు. పోయిన దఫా ఇట్లనే ఒకాయన్ని ఏడిపించి దించుకోని పోయి, ఆ పక్క కూర్చోబెట్టినారు. ఏం ఫోను వచ్చినా నమ్మద్దండి. నేను కనుక్కోని చెప్తా."

చెప్పినట్టే వచ్చింది. రిసార్టు ఆఫీసు ఫోనుకు ఎవరో చేసి, కోమలి అనే కార్పొరేటరు అత్తగారు మిద్దె మెట్ల మీంచి పడి ప్రాణం పోయిందని చెప్పారు. కోమలి నేల మీద పడి గుండెలు బాదుకుంది. ధర్మేంద్ర మనిషిని పంపించి కనుక్కుంటే ఆ అత్తగారు శుభ్రంగా సీరియల్ చూస్తూ కూర్చుని ఉంది. వీడియో కాల్లోకి వచ్చి, "నేను సస్తే నీకు అంత సంతోషమా, ఊరంతా చాటిస్తాండావు" అని కోడలిని తిట్టిపోసింది. ఏడుస్తున్న కోమలి నవ్వింది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా అమల నవ్వింది. ఆ రోజు నుంచి క్యాంపులో అదే పరాచికం. ఎవరైనా అన్నం దగ్గరికి ఆలస్యంగా వస్తే "ఏం, మీ అత్త పడిందా?" అనేవాళ్ళు.

ధర్మేంద్ర చెప్పింది నిజమైంది కాబట్టి ఇక అతను చెప్పేదంతా నిజమే అనిపించింది. మోసం ఎప్పుడూ బయటి నుంచే వస్తుందని వాళ్ళంతా గట్టిగా నమ్మేశారు.

చేతులెత్తే రోజుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం భోజనాల దగ్గర, బస్సు డ్రైవరు తన ఫోను పట్టుకుని వచ్చాడు. డ్రైవరు ఫోను ఎవరూ తీసుకోలేదు. "అమలక్కా, నీకే. మునిశేఖర్ అంట" అన్నాడు. ధర్మేంద్ర స్పీకరు పెట్టమని సైగ చేశాడు.

మునిశేఖర్ సుందరరాజు దగ్గర బూర నేర్చుకున్నవాడు. అమలకు అన్నలాంటివాడు. కానీ ఈ ఎన్నికల్లో అతని మేళం ఎదుటి పార్టీకి కుదిరింది. ప్రచారమంతా వాళ్ళ బండి ముందే ఊదాడు. బస్సుల డ్రైవర్లందరితో మేళంవాళ్ళకు పరిచయం ఉంటుంది, అలా పట్టుకున్నాడు ఆ నంబరు.

"అమలమ్మా, నాయనకు బాగలేదు. ఆయాసం జాస్తి అయింది. ఆస్పత్రిలో చేర్చినాం. నిన్ను అడగతాండాడు. బిర్నా రా తల్లీ."

భోజనాల బల్ల దగ్గర అందరూ అన్నం కలపడం ఆపి ఆమెనే చూస్తున్నారు. కోమలి ముసిముసిగా నవ్వుతోంది. ధర్మేంద్ర కనుబొమలు పైకెత్తి, చెప్పానా అన్నట్టు తలాడించాడు.

అమల గుండె ఒక్కసారి దడదడలాడింది. ఆ మాట చెప్పుకోవాలి. మరుక్షణం ఆమెకు ఎదుటి పార్టీ జెండాల ముందు ఎర్రకోటుతో నడుస్తున్న మునిశేఖర్ కనిపించాడు. "నాయనకు ఫోను ఇయ్యన్నా, మాట్లాడతా" అంది.

"మాట్లాడలేడమ్మా. మూతికి మాస్కు పెట్టినారు. గాలి పెట్టినారు."

"అదేలే. ఎట్ల మాట్లాడతాడు."

"నమ్ము తల్లీ. ఫోను ఆయన చెవికాడ పెడతా. నువ్వే ఏమన్నా చెప్పు, ఇంటాడు."

"ఎవరి చెవికాడ పెడతాండావో నాకేం తెలుస్తుందన్నా?" అంది అమల. పక్కనుంచి ఎవరో "మెట్ల మీంచి పడలేదా?" అన్నారు. బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. అమలకూ నవ్వు వచ్చింది. నిజం చెప్పాలంటే, భయం పోయినందుకు వచ్చిన నవ్వు అది. తన గొంతంతా విప్పి నవ్వింది. నవ్వుతూనే "ధర్మేంద్రన్నా, నాకూ వచ్చేసిందప్పా ఫోను" అని డ్రైవరుకు ఫోను ఇచ్చేసింది.

తండ్రి బతుకంతా అన్ని జెండాల ముందూ ఊదినవాడని ఆమెకు తెలియదా? మేళంవాడికి పార్టీ ఉండదని ఊళ్ళో అందరికంటే ఎక్కువ తెలిసింది ఆమెకే. నాలుగు రోజులు ఆ క్యాంపు అన్నం తినేసరికి అదే మరిచిపోయింది. ఆ క్యాంపులు చేసే అన్యాయాల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. మనిషికి తనవాళ్ళను అనుమానించడం నేర్పుతాయి.

సాయంత్రానికి మనసు కుదుటపడక, ఒకసారి కనుక్కోమని ధర్మేంద్రను అడిగింది. అతను మనిషిని పంపాడు. అబద్ధమాడలేదు, నిజంగానే పంపాడు. "ఇంటికి తాళమేసి ఉండాది. పక్కింటామె కూడా లేదంట" అని చెప్పాడు. ఆ రోజు శుక్రవారం. అమల ఊపిరి పీల్చుకుని, "చర్చిలో ఉపవాస ప్రార్థనకు పోయింటారులే, గ్రేసీ పిలుచుకోని పోయింటుంది" అంది. ఆ సర్దుబాటు మాట ధర్మేంద్ర చెప్పలేదు, ఆమే చెప్పుకుంది. ఆ ఇంటికి తాళం ఎందుకు పడిందో ఒక్కసారి కూడా వేరేగా ఆలోచించలేదు.

ఆదివారం పొద్దున బస్సు కొండ దిగి నేరుగా కార్పొరేషన్ ఆఫీసుకు వచ్చింది. గేటు దగ్గర జనం. కిటికీలోంచి అమల ఎర్రకోట్ల కోసం వెతికింది. జనంలో ఏమీ కనపడలేదు. లోపల హాలు ఆమె అనుకున్నంత పెద్దగా లేదు. కుర్చీలకు తెల్లటి కవర్లు, గోడ మీద పటాలు, పైన తిరగని ఫ్యాను ఒకటి. నాయనకు చెప్పాలని అన్నీ కళ్ళతో ఏరుకుంది. ఫ్యాను సంగతి చెబితే బాగా నవ్వుతాడనుకుంది.

చేతులెత్తమన్నారు. అమల చెయ్యి ఎత్తింది. ఒక్క చెయ్యి తేడాతో ప్రసన్నకుమారి మేయరు అయింది.

బయటికి వచ్చేసరికి బ్యాండు మోత చెవులు దిమ్మెత్తిస్తోంది. పాకాల నుంచి పిలిపించిన మేళం అది. కోట్లు నీలం రంగువి. అమల అటూ ఇటూ చూసింది. గేటుకు ఒక పక్క, గోడ వారన, ఎర్రకోట్లు కనిపించాయి. మునిశేఖర్, అతని వెనక మిగతావాళ్ళు. ఎవరూ ఊదడం లేదు. మునిశేఖర్ చేతిలో ఉన్న బూర చూడగానే గుర్తుపట్టింది. చింతపండుతో తోమిన మెరుపు దానికి ఇంకా ఉంది. నాయన వెనక ఎక్కడో నీడలో కూర్చుని ఉంటాడనుకుంది. నవ్వుకుంటూ దగ్గరికి పోయింది.

"నాయన యాడ అన్నా?"

మోతలో మునిశేఖర్ చెప్పింది వినపడలేదు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి మళ్ళీ చెప్పాడు.

"ఇంటికాడ పెట్టినాం అమ్మా. నీ కోసరమే పెట్టినాం."

ఆ మాటకు అర్థం ఒకటే. అమల నవ్వు మొహం మీదే నిలిచిపోయింది. దాన్ని ఎలా తీసేయాలో ఆమెకు తెలియలేదు. వెనక నుంచి ధర్మేంద్ర ఫోటోకు రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. నీలం కోట్లవాళ్ళు గెలుపు పాట అందుకున్నారు.

ఆటోలో మునిశేఖర్ ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. "నిన్న పొద్దన్నే పోయినాడు. ఎట్లాగూ ఈరోజు వస్తావు గదా అని ఐసు బాక్సులో పెట్టినాం" అని మాత్రం చెప్పాడు. అమల అడిగింది.

"మొన్న ఫోను... నిజంగానే చెవికాడ పెట్టినావా?"

మునిశేఖర్ ఒళ్ళో ఉన్న బూరను అటు నుంచి ఇటు మార్చుకున్నాడు.

"చెప్పన్నా."

"పెట్టినా. నీ గొంతు వింటే కుదురుకుంటాడని పెట్టినా. నువ్వు నవ్వినావు. ఆయన మాస్కు పక్కకి నెట్టి 'నవ్వుతాండాది పాప' అన్నాడు. 'అంత గట్టిగా నవ్వుతాండాదంటే ఆడ బాగుండాది. ఇంక పిలవద్దు, పని సూసుకోని రానీ' అన్నాడు. అందుకే నేను మళ్ళా ఫోను చెయ్యలే తల్లీ."

ఇంట్లో సుందరరాజుకు ఎర్రకోటు తొడిగి పడుకోబెట్టారు. అమల అద్దం పెట్టె మీద పడి ఏడ్చిన ఏడుపు వీధి చివర అంగడి దాకా వినపడింది. "నేను నవ్వలేదు నాయనా, నిన్ను చూసి నవ్వలేదు" అని ఒకటే మాట. గ్రేసీ పట్టుకోలేకపోయింది. సాయంత్రం సమాధుల తోటకు పోయేటప్పుడు మునిశేఖర్ ఆ బూరే ఊదాడు. పాస్టర్ గారు ప్రార్థన చేసేటప్పుడు అమల తోట గేటు బయట ఆగిన మేళం వైపే చూస్తూ నిలబడింది. వాళ్ళను లోపలికి పిలవమని తనే చెప్పింది. ఎర్రకోట్లన్నీ లోపలికి వచ్చి సమాధి చుట్టూ నిలబడ్డాయి.

ఇదంతా జరిగి కొన్నాళ్ళయింది. అమల ఇప్పుడూ కార్పొరేటరే. పనులు చేస్తుంది, అధికారులతో వాదిస్తుంది. వీధిలో ఆమె నవ్వు మాత్రం మళ్ళీ ఎవరికీ వినపడలేదు. ఇంకో సంగతి, ఎవరు ఫోను చేసి ఒంట్లో బాగలేదన్నా, ఎవరు ఏమిటని అడగదు. ఉన్నపళంగా లేచి పోతుంది. ఈ సంగతి వార్డులో అందరికీ తెలిసిపోయింది. తెలిశాక జనం ఊరుకుంటారా? కొళాయి పని కావాలన్నా, వీధి దీపం వెలగాలన్నా, ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని ఫోను కొట్టడం మొదలుపెట్టారు. సిగ్గులేని జనం అని తిట్టాలనిపిస్తుంది గానీ, ఆమె ఎవరినీ తిట్టలేదు.

మొన్న కౌన్సిలు మీటింగు మధ్యలో దయానంద్ అనే అతను ఫోను చేశాడు. వాళ్ళమ్మ చంద్రకాంతమ్మకు ఆయాసం ముదిరి ఊపిరాడటం లేదన్నాడు. మేయరు పిలుస్తున్నా వినకుండా అమల మెట్లు దిగి, ఆటో పట్టుకుని, వాళ్ళింటి ముందు దిగింది. చంద్రకాంతమ్మ అరుగు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"నాకేమైందమ్మా, బాగనే ఉండాను గదా" అంది ముసలామె, కొడుకు వైపు చూసి. దయానంద్ తల దించుకున్నాడు.

"తప్పయిపోయిందక్కా. ఇంటి ముందర కాలువ పొంగి వారమైంది. ఇట్ల చెప్తేనే బిర్నా వస్తావని..."

అమల అరుగు మీద ముసలామె పక్కన కూర్చుంది. ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఊపిరి లోపలికి పోవడం, బయటికి రావడం, అరచేత్తో చూసుకుంటూ చాలాసేపు అలాగే ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"అబద్ధమే కదప్పా" అంది చివరికి. "చాలు. ఆ పొద్దు నాకు వచ్చిన ఫోను ఇట్ల అబద్ధమై ఉంటే నేను ఇంకేం అడిగేదాన్ని కాదు."

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"ఏ కాలువ, చూపించు" అంది.